టీబీ ప్రాజెక్టులో కమ్యూనికేషన్ ఉద్యోగం వచ్చింది, చేరాలా? వైజాగ్ వాళ్ళు చెప్పండి

లంకెలపాలెం_జంక్షన్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏయూలో ఎం.ఏ. జర్నలిజం చేశాను. రెండేళ్ళుగా ఒక వెబ్ న్యూస్ డెస్క్‌లో పని. రోజుకి పద్దెనిమిది వార్తలు తిరగరాయాలి. అందులో సగం సినిమావాళ్ళ పెళ్ళిళ్ళు, మిగతా సగం విడాకులు. విసుగొచ్చి ఒక స్వచ్ఛంద సంస్థకి దరఖాస్తు పెడితే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. నగరం బస్తీల్లో టీబీ మీద పని. హోదా 'కమ్యూనికేషన్ అండ్ కమ్యూనిటీ మొబిలైజేషన్ ఆఫీసర్'. పేరు పొడుగు, జీతం పొట్టి: 22 వేలు. పదకొండు నెలల కాంట్రాక్టు, ప్రాజెక్టు ఉంటే పొడిగిస్తారట.

నాన్న స్టీల్ ప్లాంటులో చేసి రిటైర్ అయ్యారు. ఆయన లెక్కలో ఉద్యోగం అంటే క్వార్టరు, క్యాంటీను, పీఎఫ్. "గ్రూప్-2 రాయి, లేదా ఉన్నచోటే ఉండు" అంటున్నారు. అమ్మ భయం వేరు: "బస్తీలు తిరిగి దగ్గు తెచ్చుకుంటావా?"

ఈ లైనులో ఉన్నవాళ్ళు చెప్పండి. రోజూ ఏం చేస్తారు? పోస్టర్లు, రీల్సు చేయడమేనా? పదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు? ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), ఎంపీహెచ్ (ప్రజారోగ్యం పీజీ) లాంటివి చదవాలా? శుక్రవారం లోపు జవాబు చెప్పాలి. టెన్షన్‌గా ఉంది.

ఎక్సెల్_షీటు | సోమవారం, రాత్రి 10:05

పదకొండు నెలలే ఎందుకో అడిగారా? ఏడాది నిండితే ఎక్కడ హక్కులు అడుగుతారో అని. మధ్యలో ఒక రోజు 'బ్రేక్' ఇచ్చి మళ్ళీ కొత్త కాగితం మీద సంతకం పెట్టిస్తారు. మా స్నేహితుడు ఆరేళ్ళు అలా సంతకాలు పెట్టి, ఏడో ఏడు ప్రాజెక్టు మూసేస్తే ఇంటికొచ్చాడు. రాయడం వచ్చు కదా, కంటెంట్ మార్కెటింగ్‌లోకి వెళ్ళండి. మధురవాడ ఐటీ కొండ మీదే దొరుకుతుంది. సేవ చేయాలనుంటే ఆదివారాలు చేసుకోవచ్చు.

పాడేరు_ఘాట్ | సోమవారం, రాత్రి 11:20

ఎక్సెల్ గారు కాంట్రాక్టు గురించి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తొమ్మిదేళ్ళుగా ఏజెన్సీలో, గిరిజన ఊళ్ళలో ఇదే పని చేస్తున్నాను, నాలుగు సంస్థలు మారాను. అయినా ఇందులోనే ఉన్నాను.

పోస్టర్లేనా అన్నారు కాబట్టి ఒకటి చెప్తాను. కొండ మీది గ్రామాల గర్భిణులు కాన్పు ముందే వచ్చి ఉండటానికి కింద వసతి గృహాలు ఉన్నాయి. రోడ్డు లేని ఊళ్ళ నుంచి చివరి నిమిషంలో డోలీ కట్టి మోసుకురావడం ఎంత ప్రమాదమో పేపర్లో చూసే ఉంటారు. ఒక మండలంలో ఆడవాళ్ళు ఎంతకీ రావడం లేదు. మా పైవాళ్ళు "అవగాహన లేదు" అని రాశారు. అవగాహన పెంచమని నన్ను పంపారు. రంగురంగుల ఫ్లిప్‌చార్టు పట్టుకుని వెళ్ళాను.

మూడో ఊళ్ళో ఒకామె నవ్వి, కువి అనే గిరిజన భాషలో ఏదో అంది. ఆశా కార్యకర్త తెలుగులో చెప్పింది: "ఆస్పత్రి మంచిదని మాకు తెలుసు. నేను వచ్చి ఇరవై రోజులు అక్కడ పడుకుంటే మేకల్ని నువ్వు కాస్తావా? పెద్దదాన్ని నువ్వు చూస్తావా?"

అంతే. అవగాహన లేనిది మాకు. మూడేళ్ళ పిల్లనీ అత్తనీ వెంట తెచ్చుకోవచ్చని, వాళ్ళకీ భోజనం పెడతారని ఒప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఒప్పించింది ఊరివాళ్ళని కాదు, అధికారుల్ని. ఆ తర్వాత సంతలో ఒక్క మాట చెప్పాం: "పిల్లని తెచ్చుకోవచ్చు." వచ్చారు. ఫ్లిప్‌చార్టు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది.

ఇంకో సంగతి. ఆ ఫ్లిప్‌చార్టు తెలుగులో ఉంది. అక్కడ ఇళ్ళలో మాట్లాడేది కువి, కొన్నిచోట్ల ఆదివాసీ ఒడియా. ఇప్పుడైతే ఆ ఊరి ఆడవాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి ఫోన్లలో వినిపిస్తున్నాం. సిగ్నల్ లేకపోయినా బ్లూటూత్‌లో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది.

చినవాల్తేరు_పెద్దాయన | మంగళవారం, ఉదయం 6:15

అమ్మాయీ, నేను ఆరోగ్యశాఖ ఎక్స్‌టెన్షన్ విభాగంలో ముప్పై ఏళ్ళు చేసి రిటైర్ అయినవాణ్ణి. మా రోజుల్లో దీన్ని 'ప్రచారం' అనేవాళ్ళం. జీపు వెనక ప్రొజెక్టరు, తెల్లగుడ్డ, ఎర్ర త్రికోణం. ఊళ్ళో సినిమా వేస్తామంటే చంటిపిల్లల్తో సహా వచ్చేవాళ్ళు. మధ్యలో కుటుంబ నియంత్రణ స్లైడు పడగానే మగాళ్ళు బీడీలకి లేచి పోయేవాళ్ళు.

నేను చేరేసరికి ఎమర్జెన్సీ అయిపోయి కొన్నేళ్ళయింది. అయినా మా జీపు రంగు చూసి పొలాల్లోకి పరిగెత్తినవాళ్ళని చూశాను. టార్గెట్లు పెట్టి ఆపరేషన్లు చేయించిన ఆ 1975-77 కాలం మిగిల్చిన భయం, తర్వాత వచ్చిన పోలియో చుక్కల వాళ్ళ మీద కూడా పడింది. నమ్మకం పోగొట్టడానికి రెండేళ్ళు చాలు. తెచ్చుకోవడానికి మా సర్వీసంతా సరిపోలేదు.

ఎక్కడ పని చేసిందో కూడా చెప్పాలి కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళకి ఎవరూ 'సారా మానండి' అని పోస్టరు అంటించలేదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ వాళ్ళ బతుకు కథే పాఠంగా చదువుకున్నారు, మాట్లాడుకున్నారు, లేచారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పట్లో పాటలు, నాటకాల కళాజాతలతో ఊరూరా తిరిగిన కుర్రాళ్ళలో చాలామందికి ఆ పనికి ఒక హోదా పేరు ఉంటుందని కూడా తెలియదు.

ప్రభుత్వంలో మా విభాగం ఇంకా ఉంది. జిల్లాకి ఒక డెమో, అంటే ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా అధికారి. ఇవి ఎక్కువగా ప్రమోషన్ మీద వచ్చే కుర్చీలు. నీలాంటివాళ్ళకి నేరుగా దొరికేవి ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు పోస్టులు, స్వచ్ఛంద సంస్థలు. అది తెలుసుకునే దిగు.

లంకెలపాలెం_జంక్షన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

పెద్దాయన గారూ, పాడేరు గారూ, చాలా థాంక్స్. మేకల సంగతి అమ్మకి చదివి వినిపించాను. "మరి నిజమే కదా" అంది. టీబీ పని నగరంలో ఎలా ఉంటుందో చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

వానలో_గొడుగు | మంగళవారం, సాయంత్రం 7:50

ఉన్నాను. నాలుగేళ్ళు. నా రోజు చెప్తాను, వినాక భయపడితే నాది పూచీ కాదు.

పొద్దున ఆరున్నరకి బస్తీలో ఉండాలి. కుళాయి నీళ్ళు వచ్చే టైములో ఆడవాళ్ళు బయట ఉంటారు. తొమ్మిది దాటితే తలుపులకి తాళాలు, అందరూ ఇళ్ళ పనులకి వెళ్ళిపోతారు. అడిగేది చిన్న ప్రశ్న: రెండు వారాలకి మించి దగ్గు ఎవరికైనా ఉందా? సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం? "లేదు" అంటారు. "పక్కింట్లో?" అంటే అప్పుడు పేర్లు వస్తాయి. పక్కింటి దగ్గు అందరికీ వినబడుతుంది.

అనుమానం ఉంటే కప్పు ఇచ్చి శాంపిల్ తీసుకుని పరీక్షకి పంపాలి. టీబీ అని తేలితే అసలు పని అప్పుడు మొదలవుతుంది. మామూలు టీబీకి ఆరు నెలల మందులు, ఉచితం. మొదటి నెలన్నరలో మనిషి తేరుకుంటాడు. ఆకలేస్తుంది, దగ్గు తగ్గుతుంది, "నయమైపోయింది" అని మందులు ఆపేస్తాడు. అలా ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ మందులకి లొంగకుండా కూడా పోవచ్చు. మా గొడవంతా ఆ మధ్య నెలల్లోనే. పోస్టరు చూసి ఎవరూ ఆరు నెలలు మాత్రలు మింగరు. ఎవరో ఒకరు "ఈ రోజు వేసుకున్నావా?" అని అడగాలి.

పోషకాహారానికి కేంద్రం నెలకి 500 ఇచ్చేది 2018 నుంచి, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఖాతా ఆధార్‌తో కలవకపోతే పడదు. నేను కమ్యూనికేషన్‌లో నేర్చుకున్నదానికంటే బ్యాంకు క్యూలో నేర్చుకున్నది ఎక్కువ.

ఒక కొత్త కోడలికి టీబీ వచ్చింది. మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకుంది. నా దగ్గర ఒకటే కోరింది: "అక్కా, ఆ టీషర్టు వేసుకుని మా ఇంటికి రాకు." మా సంస్థ టీషర్టు మీద వెనక పెద్దక్షరాలతో 'టీబీని తరిమేద్దాం' అని ఉంటుంది. ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటికి టీబీ ఉన్నట్టే! టీషర్టు రూపకల్పన చేసినవాళ్ళకి అవార్డు వచ్చింది. మేము దాన్ని తిరగేసి వేసుకుని తిరిగాం, చివరికి మామూలు చీరలు, చుడీదార్లు వేసుకోనిచ్చారు.

అమ్మగారికి చెప్పండి: సరైన మందులు మొదలయ్యాక కొన్ని వారాల్లోనే ఇంకొకరికి అంటించే అవకాశం బాగా తగ్గిపోతుంది. భయం ఎక్కువ ఉండాల్సింది తెలియకుండా దగ్గేవాళ్ళ దగ్గర. వాళ్ళు ఆటోలోనూ ఉంటారు, సినిమాహాల్లోనూ ఉంటారు. మాస్కు వేసుకుంటాం, గాలి ఆడే చోట, ఎక్కువగా గుమ్మం బయటే మాట్లాడతాం.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా రిపోర్టులు రాయడం. అది మాత్రం ఎవరూ చెప్పరు, ఉద్యోగంలో మూడో వంతు అదే.

ఎక్సెల్_షీటు | మంగళవారం, రాత్రి 8:30

గొప్ప పని, ఒప్పుకుంటాను. జీతం ఎంత మేడమ్? నాలుగేళ్ళలో ఎంత పెరిగింది?

వానలో_గొడుగు | మంగళవారం, రాత్రి 8:41

14 వేలతో చేరాను, ఇప్పుడు 19. నవ్వకండి.

ఎక్సెల్_షీటు | మంగళవారం, రాత్రి 8:44

నవ్వట్లేదు. అదే నా బాధ.

హైదరాబాద్_వలస | మంగళవారం, రాత్రి 10:10

నాదీ వైజాగే, కంచరపాలెం. ఈ రంగంలో పదకొండేళ్ళు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. చదువు గురించి అడిగారు కదా.

ఏయూలోనే సోషల్ వర్క్ విభాగం ఉంది, ఎంఎస్‌డబ్ల్యూ రెండేళ్ళు. ఉద్యోగం వదలలేకపోతే ఇగ్నోలో దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ ఉంది, వైజాగ్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ఎంపీహెచ్‌కి డాక్టరే కానక్కర్లేదు. హైదరాబాద్ ఐఐపీహెచ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ముంబై టిస్, తిరువనంతపురం శ్రీచిత్రలోని అచ్యుత మీనన్ కేంద్రం మంచి పేరున్నవి. ఎవరికి ఏ డిగ్రీ అర్హతో ప్రతిచోటా వేరు, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. గ్రామీణాభివృద్ధి వైపు మనసుంటే రాజేంద్రనగర్ ఎన్‌ఐఆర్‌డీలో పీజీ డిప్లొమా ఉంది.

కానీ ఇప్పుడే పరిగెత్తొద్దు. రెండేళ్ళు ఫీల్డులో చేసి వెళ్ళండి. నేను నేరుగా ఎంపీహెచ్‌కి వెళ్ళాను. క్లాసులో 'ప్రవర్తనలో మార్పుకి అయిదు దశలు' అని చెప్తే నోట్సు రాసుకున్నాను. నా పక్కన ఒడిశా నుంచి వచ్చిన నర్సు కూర్చునేది. ఆమె ప్రతి దశకీ ఒక మనిషిని గుర్తు చేసుకునేది. పరీక్షలో మార్కులు నాకే ఎక్కువ వచ్చాయి, ఉద్యోగం మాత్రం ఆమెకి ముందు వచ్చింది.

మాటలు కూడా మారుతున్నాయి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. మొదట ఐఈసీ అనేవాళ్ళు: సమాచారం ఇస్తే జనం మారతారని నమ్మకం. తర్వాత బీసీసీ: అలవాటు మార్చాలి. ఇప్పుడు ఎస్‌బీసీసీ: మనిషి ఒక్కడే మారడు, చుట్టూ అత్త, భర్త, ధర, దూరం, కులం అన్నీ ఉంటాయి, వాటితో కలిపి చూడాలి. పాడేరు గారి మేకల కథ ఆ మూడో అక్షరమాల మొత్తాన్నీ చెప్పేసింది.

జర్నలిజం వృథా పోదు. ఈ రంగంలో నేను చూసిన పెద్ద లోటు తెలుగు. ఢిల్లీలో ఇంగ్లీషులో రాసింది హిందీలోకి, దాన్నుంచి తెలుగులోకి వస్తుంది. 'సూక్ష్మపోషక లోప నివారణ' అని గోడ మీద ఉంటుంది. ఒకసారి మేము ఐరన్ మాత్రల పోస్టరుని ముందే జనానికి చూపించి అడిగాం, దీన్ని ప్రీటెస్ట్ అంటారు. 'రక్తహీనత' అన్నమాటకి ఒకావిడ "హీనం అంటే చెడ్డ రక్తమా?" అంది. 'ఒంట్లో రక్తం తక్కువ' అంటే వెంటనే అర్థమైంది. ఇంకా అసలు విషయం అప్పుడే బయటపడింది: మాత్రలు వేసుకుంటే బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని భయం. పోస్టరులో దాని గురించి ఒక్క ముక్క లేదు. అయిదు వేల పోస్టర్లు అచ్చయ్యే ముందు ఆగాయి. ఆ రోజు ప్రింటరు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పదేళ్ళ తర్వాత అంటే: ఫీల్డు కోఆర్డినేటరు, జిల్లా, ఆపైన రాష్ట్ర స్థాయి కన్సల్టెంటు. యూనిసెఫ్ హైదరాబాద్ కార్యాలయం మన రాష్ట్రాన్ని కూడా చూస్తుంది. పరిశోధన సంస్థలున్నాయి. లెక్కలు వచ్చినవాళ్ళు మానిటరింగ్ వైపు వెళ్తారు, అక్కడ డబ్బులు కాస్త మెరుగు. అందుకే, ఎక్సెల్ గారు కోప్పడకపోతే, ఎక్సెల్ నేర్చుకోండి.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 9:00

'పరీక్ష లేకుండా ఎంపీహెచ్ సీటు గ్యారంటీ' అని ఫోన్ నంబరు పెట్టిన పోస్టు తీసేశాం. చర్చ కొనసాగించండి.

జాలారిపేట_ఆడపడుచు | బుధవారం, మధ్యాహ్నం 3:25

ఇంతమంది బస్తీల్లోకి వొచ్చేవాళ్ళే మాట్లాడారు, బస్తీలో ఉండేదాన్ని నేనూ ఒక మాట అనొచ్చా?

ఏటండీ ఈ సర్వేలు! కొత్త ప్రాజెక్టు వస్తే కొత్త రిజిస్టరు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, చేతులు ఎప్పుడు కడుగుతారు. పోయినేడు ఒకాయన అడిగాడు, ఈ ఏడు ఇంకొకావిడ అడిగింది. పోయినేడు చెప్పింది ఏమైందో ఎవరూ వొచ్చి చెప్పలేదు. మా అమ్మ ఇప్పుడు కావాలని తప్పుడు జవాబులు చెప్తుంది, కాలక్షేపానికి.

మీటింగు పదకొండింటికి పెడతారు. మా ఆడవాళ్ళు తెల్లారకముందే హార్బరుకి పోయి వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని పేటలు తిరుగుతారు. పదకొండింటికి మా వీధిలో ఉండేది ముసలోళ్ళు, కుక్కలు. అయినా ఫొటో దిగి 'హాజరు 40' అని రాసుకుపోతారు. ఆ ఫొటోలో మా తాత మూడు ప్రాజెక్టుల్లో ఉన్నాడు.

మగాళ్ళని కలవాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా రండి. 61 రోజులు వేట నిషేధం, మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగాళ్ళు వలలు అల్లుకుంటూ దొరుకుతారు. దగ్గు పరీక్ష, బీపీ, సుగరు, ఏదైనా అప్పుడే. ఈ మాట ఎంతమందికి చెప్పానో. "మా బడ్జెటు జూలైలో వస్తుందమ్మా" అంటారు.

వద్దనడం లేదు. హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరు, ఫోన్లు లేవు, కరెంటు లేదు, నీళ్ళు లేవు. మా వీధిలో ఒక ఆశా అమ్మ ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు కాచుకోమని, క్లోరిన్ బిళ్ళ ఎలా వెయ్యాలో చేసి చూపించి పోయింది. ఆవిడ ఇల్లే రేకు ఎగిరిపోయింది. ఆవిడ మాట ఇప్పటికీ వింటాం.

వానలో_గొడుగు | బుధవారం, సాయంత్రం 4:10

అమ్మా, తలదించుకుంటున్నాను. ఆ 'హాజరు 40' నేనూ రాశాను. వేట నిషేధం సంగతి మా ప్లానులో నిజంగానే లేదు.

సింహాచలం_మెట్లు | బుధవారం, రాత్రి 9:15

హుద్‌హుద్ అన్నారు కాబట్టి 2020 మే 7 గుర్తొచ్చింది. మాది వెంకటాపురం పక్కనే. తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. పన్నెండు మంది పోయారు. ఏ వైపు పరిగెత్తాలో చెప్పినవాళ్ళు లేరు. ఆ రసాయనం పేరే అప్పటిదాకా మేం వినలేదు. తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవాలని కూడా ఫోన్లో ఎవరో చెప్తే తెలిసింది.

అంతకంటే ఘోరం ఆ రాత్రి. మళ్ళీ లీకైందని వాట్సాప్‌లో పాకింది. చాలా దూరంలో ఉన్న పేటల వాళ్ళు కూడా పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్డెక్కారు, అదీ లాక్‌డౌన్‌లో. అధికారులు కాదని చెప్పేసరికి సగం ఊరు బయటుంది. నమ్మే గొంతు ఒకటి ముందే ఉంటే అంత జరిగేది కాదు. ఫ్యాక్టరీల మధ్య బతికే ఊరికి 'సైరన్ మోగితే ఇలా చేయండి' అని ముందుగా నేర్పేవాళ్ళు కావాలి. లంకెలపాలెం గారూ, మీ ఇంటి చుట్టూ కూడా ఫ్యాక్టరీలే కదా. టీబీతో మొదలుపెట్టండి, దీనికీ రండి.

ఎక్సెల్_షీటు | బుధవారం, రాత్రి 10:30

సరే, నేను విలన్‌లా కనిపిస్తున్నాను. ఒక ప్రశ్న. ఈ మాటలు, తిరుగుళ్ళు, వీటివల్ల జబ్బు తగ్గిందని చూపించగలరా? మందు వల్ల తగ్గిందా, మాట వల్లా?

చినవాల్తేరు_పెద్దాయన | గురువారం, ఉదయం 5:50

మంచి ప్రశ్న నాయనా. పోలియో చూడు. పల్స్ పోలియో 1995లో మొదలుపెట్టాం. చుక్కలు ఉన్నాయి, ఐసు పెట్టెలున్నాయి. అయినా ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో కొన్ని ఇళ్ళు తలుపు తీయలేదు, పిల్లలు పుట్టకుండా చేసే మందని పుకారు. అక్కడ ఆ వీధి ఆడవాళ్ళనే తీసుకుని ఇంటింటికీ పంపారు, మసీదుల నుంచి చెప్పించారు, మదరసాల వాళ్ళని కలుపుకున్నారు. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువపత్రం వచ్చింది. చుక్క లేకపోతే మాట దండగ. మాట లేకపోతే చుక్క పెట్టెలోనే ఉండిపోతుంది. ఏది ఎంత శాతమో విడదీసే లెక్క నాకు రాదు.

పాడేరు_ఘాట్ | గురువారం, ఉదయం 8:20

మన దగ్గరే ఒకరుండేవారు. డాక్టర్ భాగవతుల పరమేశ్వరరావు గారు. అమెరికాలో డాక్టరేటు చేసి, సొంతూరు దిమిలికి వచ్చేశారు. 1976లో యలమంచిలి దగ్గర భాగవతుల చారిటబుల్ ట్రస్టు పెట్టారు. బడి, ఉప్పునేలల సాగు, మహిళా సంఘాలు, ఆరోగ్యం అన్నీ కలిపే చూశారు. ఆరోగ్యం ఒక్కటే విడిగా అభివృద్ధి అవ్వదని చెప్పడానికి ఎక్కడికో పోనక్కర్లేదు.

ఎక్సెల్_షీటు | గురువారం, మధ్యాహ్నం 2:05

మా అమ్మ అంగన్‌వాడీ కార్యకర్త. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. 2023 డిసెంబరులో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది, టెంటులో అమ్మ కూడా కూర్చుంది. అప్పటికి నెలకి 11,500. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆశాలకి 2019 నుంచి 10 వేలు, అదీ అదే పేరుతో. ఊళ్ళో ఏ బిడ్డ బరువెంతో అమ్మకి కంఠతా వచ్చు. పైనుంచి ఏసీ కారులో దిగిన కన్సల్టెంటు, అమ్మ చెప్పినవే రాసుకుని ప్రజెంటేషన్ చేశాడు. ఆయన ఫీజు రోజుకెంతో తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ముందు జీతం అడుగుతాను. పని గొప్పది కాబట్టి తక్కువ ఇచ్చినా పరవాలేదు అన్నమాటే నాకు నచ్చదు.

హైదరాబాద్_వలస | గురువారం, మధ్యాహ్నం 2:40

ఆ కన్సల్టెంట్లలో నేనూ ఒకణ్ణి. మీ కోపంలో న్యాయం ఉంది. నాకు కనిపించిన పరిష్కారం చిన్నది: రిపోర్టులో ఆ కార్యకర్త పేరు రాయించడం, ఆమె ఒప్పుకుంటేనే. మూడుసార్లు అడిగితే ఒకసారి ఒప్పుకుంటారు పైవాళ్ళు. అది జీతం కాదని తెలుసు.

లంకెలపాలెం_జంక్షన్ | శుక్రవారం, రాత్రి 8:55

చెప్పకుండా మాయమయ్యాననుకోకండి. ఈ రోజు సెలవు పెట్టి గొడుగు గారితో ఒక పూట తిరిగాను. ఆరున్నరకి అన్నారు, ఆరు ఇరవైకే ఆవిడ కుళాయి దగ్గర ఎవరిదో బిందె పట్టుకుని నిలబడి ఉన్నారు. పదమూడు ఇళ్ళు. పది ఇళ్ళలో నేను నోరు తెరవలేదు. పదకొండో ఇంట్లో ఒక మామ్మ నన్ను చూసి "ఈ గుంట ఎవరే, మాట్లాడదేటి?" అంది. వార్త రాసేటప్పుడు మొదటి వాక్యం కోసం వెతుక్కుంటాం కదా, అలా వెతుక్కుంటుంటే మామ్మే మొదలుపెట్టింది. కొడుకు దుబాయ్‌లో వెల్డరు, కోడలితో పడదు, రాత్రి దగ్గు. దగ్గు మాట వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. గొడుగు గారు ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

సాయంత్రం సంస్థవాళ్ళకి ఫోన్ చేశాను. ఎక్సెల్ గారు గుర్తొచ్చి పీఎఫ్, బస్సు ఛార్జీలు, ప్రమాద బీమా అడిగాను. పీఎఫ్‌కి ఒప్పుకున్నారు, ఛార్జీలు నెలకి ఇంతని ఇస్తారట, బీమా 'చూద్దాం' అన్నారు. రాతలో ఇమ్మన్నాను. వచ్చాకే సంతకం పెట్టాను. వచ్చే వారం చేరుతున్నాను. నాన్న ఏమీ అనలేదు. గ్రూప్-2 పుస్తకాలు మాత్రం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఇప్పుడు పని మాట. మామ్మకి కప్పు ఇచ్చి "పొద్దున్నే ఉమ్మి పట్టి ఉంచు" అన్నాను. పక్కకొచ్చాక గొడుగు గారు తప్పన్నారు. ఎందుకో ఇంటికొచ్చేదాకా అర్థం కాలేదు.

వానలో_గొడుగు | శుక్రవారం, రాత్రి 9:10

ఉమ్మి అంటే నోట్లో నీళ్ళు ఉమ్మేసి ఇస్తారు. అది పరీక్షకి పనికిరాదు. ఊపిరితిత్తుల్లోంచి రావాలి. మా కరపత్రంలో 'కఫం' అని ఉంది.

చినవాల్తేరు_పెద్దాయన | శుక్రవారం, రాత్రి 9:18

కఫం అంటే వాతం, పిత్తం, కఫంలోకి వెళ్ళిపోతారు. మా రోజుల్లో 'గళ్ళ' అనేవాళ్ళం.

జాలారిపేట_ఆడపడుచు | శుక్రవారం, రాత్రి 9:31

మా వైపు తెమడ అంటే చిన్నపిల్లకి కూడా అర్థమవుద్ది. కానీ మాట ఒక్కటే చాలదు. లేవగానే, ఏమీ తినకముందు, నోరు పుక్కిలించి, రెండుసార్లు గుండెల నిండా ఊపిరి పీల్చి, లోపల్నించి దగ్గి, అప్పుడొచ్చింది పట్టమని నువ్వే దగ్గి చూపించాలి. వీధిలో సిగ్గు పడకూడదు.

లంకెలపాలెం_జంక్షన్ | శుక్రవారం, రాత్రి 9:36

ఇప్పుడే అద్దం ముందు దగ్గి చూశాను. అమ్మ పరిగెత్తుకొచ్చింది. 😀 అక్కా, ముందుగా మీ వీధికే వస్తాను, ఎప్పుడు రమ్మంటారు?

జాలారిపేట_ఆడపడుచు | శుక్రవారం, రాత్రి 9:40

పదకొండింటికి మాత్రం రాకు. తట్టలు దింపి, అన్నాలు తిని, మూడు దాటాక అరుగు మీద కూర్చుంటాం. టీషర్టు వేసుకోకు.